రంగు వచ్చేదాకా

మా అవ్వ చాయ్‌కి కొలత ఉండదు. గిన్నెలో పాలు, నీళ్లు, చక్కెర వేసి పొయ్యి మీద పెడుతుంది. పొడి డబ్బా మూత తీసి చిటికెడు చిటికెడు వేస్తూ గిన్నెలోకి చూస్తుంది. రంగు వస్తే ఆపుతుంది. రాకపోతే ఇంకో చిటికెడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆమె పద్ధతి ఇదే. చెంచాతో కొలిచి వేసేవాళ్లను చూస్తే ఆమెకు నవ్వు. "చాయ్ ఏమన్న దవాఖాన మందా, కొలిచి పోసెటందుకు?" అంటుంది.

ఈ పద్ధతికి ఒకటే షరతు ఉంది. గిన్నెలోకి చూసే కన్ను బాగుండాలి.

నేను జనగామలో జాకెట్లు కుడతాను. నన్ను కన్న ఆ అవ్వ, బాపు పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. నేను మిషన్ మీద కుట్టి పడేస్తే, హుక్కులూ కాజాలూ చేత్తో వేసేది ఆమె. "నువ్వు కుట్టింది ఎవ్వరు జూడరు, నా హుక్కే జూస్తరు" అని గొప్పలు పోయేది. నిజం చెప్పాలంటే గొప్పలు పోదగ్గ పనే. అలాంటి మనిషి పోయిన ఏడాది సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఎవరిదో పెళ్లి జాకెట్‌కు హుక్కులు కుట్టి లేచి నిలబడితే, జాకెట్ కూడా ఆమెతో పాటు లేచింది. తన చీర కొంగుకే కలిపి కుట్టేసింది.

కంటి డాక్టర్‌కు చూపిస్తే రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయన్నారు. ముందు కుడికన్ను చేద్దాం, పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికి పోవచ్చు అన్నారు. అవ్వ అడిగింది ఒక్కటే మాట: "సూదిల దారం ఎక్కుతదా సార్?" ఎక్కుతుందన్నారు. ఆ రోజు నుంచి ఆ ఆపరేషన్ కోసం ఆమె పండుగ కోసం చూసినట్టు చూసింది.

ఇక చాయ్ సంగతి. పొర కమ్మిన కంటికి రంగులన్నీ పాలిపోయి కనిపిస్తాయట. పైగా మా వంటింట్లో పట్టపగలే లైటు వేయాలి. అవ్వ గిన్నెలోకి చూస్తుంది, రంగు రాలేదనుకుంటుంది, ఇంకో చిటికెడు వేస్తుంది. చిటికెళ్లు పిడికిళ్లయ్యాయి. రోజుకు నాలుగుసార్లు మా గ్లాసుల్లోకి వచ్చేది చాయ్ కాదు, తోలుకు రంగు వేసే ద్రావకం.

మొదట్లో మా ఆయన నోరు జారాడు. "అత్తమ్మా, ఇయ్యాల చాయ్ జర కడక్ అయింది" అన్నాడు, అంతే. అవ్వ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "కండ్లు పాయె. ఇగ చెయ్యి గూడ పాయెనా?" అని గోడకు మొహం తిప్పుకొని చాప మీద కూర్చుంది. మూడు రోజులు వంటింటి గడప తొక్కలేదు, అన్నం సగం తిని లేచింది. నాలుగో రోజు నేను కాళ్లావేళ్లా పడితే మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ రోజే మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. అవ్వ ఏది ఇస్తే అది తాగాలి, "మంచిగుంది" అనాలి, నోరు మూసుకోవాలి.

మా ఆయన నియమాన్ని అక్షరాలా పాటించాడు. "మంచిగుంది అత్తమ్మా" అంటూ బయటికి పోయి మందారం కుండీలో పోసి వచ్చేవాడు. నాకు ఆ తెలివి లేకపోయింది, తాగాను. కూర్చున్న చోట కూర్చున్నట్టే గుండె దడదడ కొట్టుకునేది. చేతులు వణికేవి. ఒకామె జాకెట్‌కు మెడ చుట్టూ కుట్టు అలలు అలలుగా వచ్చింది. "గిది కొత్త మోడల్ అక్కా" అని బుకాయించాను. ఆమె నమ్మి, వారం తిరగకముందే చెల్లెలికి కూడా అదే మోడల్ కావాలని వచ్చింది. ఆ కుట్టు మళ్లీ రావాలంటే రెండు గ్లాసులు తాగి కూర్చోవాల్సి వచ్చింది.

కుండీ దాకా పోవడానికి బద్ధకించిన రోజున మా ఆయన కూడా తాగేవాడు. అన్నం తిన్న చెయ్యి ఆరకముందే గురక పెట్టే మనిషి, అలా తాగిన ఒకరోజు నిద్ర పట్టక స్టూలెక్కి ఫ్యాన్ రెక్కలు తుడిచాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన ఫ్యాన్ తుడవడం చూసింది అప్పుడే. ఆ చాయ్ మీద నాకు కాస్త గౌరవం కలిగింది కూడా అప్పుడే.

ఆపరేషన్ రోజు అవ్వ తెల్లవారకముందే లేచింది. తలస్నానం చేసి, ధైర్యానికని రెండు గ్లాసులు తాగి బయల్దేరింది. దవాఖానలో బీపీ చూస్తే బాగా ఎక్కువ ఉంది. భయపడుతున్నట్టుంది, పదిహేను రోజులాగి రండి అని ఒక మాత్ర రాసిచ్చి పంపేశారు.

"నేను భయపడుడా?" అని అవ్వ దారి పొడుగునా నన్నే తిట్టింది. నేనేమో మామిడికాయ తొక్కును తిట్టాను. ఉప్పు వల్లే ఇదంతా అని జాడీ ఎత్తి అటక మీద పెట్టాను. ఈలోగా ఆపరేషన్ ఆగిందని తెలిసి వాడకట్టంతా పలకరించడానికి వచ్చారు. పలకరించడానికి వచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వకుండా పంపితే మాట వస్తుంది. వాళ్లు తాగుతుంటే ఇంటిమనిషి ఊరికే కూర్చుంటే అదింకా తప్పు. అవ్వ వచ్చిన ప్రతివాళ్లకూ చాయ్ పెట్టి, ప్రతివాళ్లతోనూ తాగింది. పదిహేను రోజుల తర్వాత బీపీ ఇంకాస్త పెరిగిందే తప్ప తగ్గలేదు. పలకరించిన వాళ్ల మొహాలు కూడా కొంచెం ఎర్రగానే ఉండేవి.

మా చెల్లెలు మహబూబాబాద్‌లో ఉంటుంది. మేం మానుకోట అంటాం. "జనగామ దవాఖాన అవ్వకు అచ్చిరాలే, ఈడికి తోలుకరా అక్కా" అని ఫోన్ చేసింది. రైలెక్కాం. సంచి బరువుగా ఉందేమిటని చూస్తే చీర మడతల్లో పొడి డబ్బా ఉంది. చెల్లెలు చెంచాతో కొలుస్తుందట, అది చాయ్ కాదట. మానుకోటలో దిగిన గంటకే అవ్వ వాళ్ల పొయ్యి ముందు నిలబడింది. చెల్లెలు గ్లాసులోకి చూసి, నా వైపు చూసింది. నేను కళ్లతోనే తాగెయ్ అన్నాను. తాగి "మంచిగుందవ్వా" అంది. నా చెల్లెలు కదా. పొద్దున నేను లేచేసరికి అటక మీది ఇత్తడి సామాన్లన్నీ దించి చింతపండుతో తోమి పెట్టింది. దవాఖానలో అవ్వ బీపీ మళ్లీ ఎక్కువే. తప్పంతా రైలు ప్రయాణానిదే అని ఇద్దరం తీర్మానం చేశాం.

నాలుగోసారి భూపాలపల్లి. మా తమ్ముడు అక్కడ బొగ్గు బాయి మీద పని చేస్తాడు. "మీతోని కాదు, నేను చేపిస్త" అన్నాడు. హనుమకొండలో బస్సు మారి వెళ్లాం. డబ్బా కూడా మాతో పాటే వచ్చింది. మర్నాడు పొద్దున అవ్వ చాయ్ పెట్టి మా అందరికీ తాగించి, మిగిలింది ఫ్లాస్క్‌లో పోసుకొని దవాఖానకు బయల్దేరింది.

అక్కడ బీపీ చూసిన నర్సమ్మ ఇరవై ఐదేళ్లు కూడా ఉండని పిల్ల. ఎక్కువుందని పెదవి విరిచింది. అవ్వ మొహం చిన్నబోయింది. అయినా మర్యాద మరిచిపోయే మనిషి కాదు కదా, ఫ్లాస్క్ మూతలో చాయ్ పోసి "తాగు బిడ్డా, పొద్దటి సంది నిలవడే ఉన్నవు" అని ఆ పిల్ల చేతికిచ్చింది. నర్సమ్మ ఒక గుక్క తాగింది. రెండో గుక్క తాగలేదు.

"అవ్వా, గిదేం కషాయం?"

"కషాయమేంది బిడ్డా, చాయ్. ఇయ్యాల జర పల్చగనే అయింది. రంగు సక్కగ రాలే."

నర్సమ్మ మూతలోకి చూసింది, అవ్వ కళ్లలోకి చూసింది, తర్వాత నా వైపు తిరిగింది. "అక్కా, నీ చెయ్యి ఇటియ్యి" అని నాకు బీపీ పట్టీ చుట్టింది. నాదీ ఎక్కువే. "అన్నా, నువ్వు గూడ రా" అని మా తమ్ముడికి చుట్టింది. వాడిదీ ఎక్కువే.

"మా ఖాందాన్ అంత గంతే సిస్టర్" అన్నాడు తమ్ముడు, బహుమతి వచ్చినవాడిలా. అవ్వ కూడా కొడుకు వైపు గర్వంగా చూసింది.

నర్సమ్మ నన్ను పక్కకు తీసుకుపోయింది. "ఖాందాన్ లేదు, ఏం లేదక్కా. ముగ్గురు గదే చాయ్ తాగి వచ్చిండ్రు. అవ్వకు రంగు కనవడ్తలేదు, అందుకని పొడి ఏస్తనే ఉన్నది. గుండె దడ, నిద్ర పట్టకపోవుడు, బీపీ ఎక్కుడు, అన్నీ దాంతోనే అయితుండొచ్చు. జర జర తగ్గియ్యుండ్రి. ఒక్కపాలి బంద్ వెడితే తలనొప్పి లేస్తది. ఆపరేషన్ పొద్దుగాల మాత్రం చుక్క గూడ తాగనియ్యకు. ఆమెకు చెప్పు అక్కా, జెప్తె ఇంటది."

నాకు సిగ్గేసింది. తొక్కును తిట్టాను, రైలును తిట్టాను, రోజుకు నాలుగుసార్లు నా గొంతులో దిగుతున్నదాన్ని మాత్రం అనుమానించలేదు. చెప్తానని తలూపాను.

తిరుగు బస్సులో చెబుదామనే నోరు తెరిచాను. అంతలో అవ్వే అంది. "ఇగ ఆపరేషన్ వద్దు బిడ్డా. నాలుగుసార్లు పోయినం, నాలుగుసార్లు ఎనుకకు వచ్చినం. నా రాత గింతే. సూది లేకున్నా బతకనా? చాయ్ వెట్టుకుంట బతుకుత. గదన్న చేతనైతుంది గద."

ఆమెకు మిగిలింది ఆ ఒక్క పని. అదే చెడిపోయిందని ఏ మొహం పెట్టుకొని చెప్పేది? కిటికీ వైపు తిరిగి పరకాల దాటేదాకా ఏడ్చాను. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చివరికి పక్క సీట్లో కాళ్లు చాపుకున్న మనిషి మీద తీర్చుకున్నాను.

ఇంటికి వచ్చాక నేను చేసిన పనిని ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. వడగట్టాక మిగిలిన చాయ్ పొడిని పారబోయకుండా దాచి, కడిగి, మిద్దె మీద పాత లంగా గుడ్డ పరిచి ఎండబెట్టాను. కరకరలాడేలా ఎండాక అవ్వ డబ్బాలో కలిపాను. మొదటి వారం పావు వంతు, తర్వాత సగం, ఆ తర్వాత ముప్పావు. అవ్వ ఎన్ని పిడికిళ్లు వేసినా అందులో పస ఉండదు. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

పక్కింటి ఆమె మిద్దె మీద నుంచి చూసింది. "ఏం ఎండవెడుతున్నవు అక్కా?"

ఏం చెప్పాలో తోచక "ఎంటికెలకు మందు" అన్నాను. ఆమె రెండు గుప్పెళ్లు అడిగి తీసుకుపోయింది. వారం తర్వాత వెంట్రుకలు రాలడం తగ్గిందని చెప్పి, ఇంకో రెండు గుప్పెళ్లకు గిన్నె పట్టుకొని వచ్చింది.

ఆ నెలలో మా ఇల్లు మెల్లగా శాంతించింది. అవ్వకు ఒకటి రెండు రోజులు తల నొచ్చింది, తర్వాత మధ్యాహ్నాలు కునుకు తీయసాగింది. నా కుట్లు చక్కగా వచ్చాయి. అలల మోడల్ ఇక రాదంటే ఒకరిద్దరు అలిగారు కూడా. ఒక్క అవ్వకే అసంతృప్తి. "గీ పొడిల దమ్ము లేదు" అని రోజూ గొణిగేది. ఒకరోజు డబ్బా చంకన పెట్టుకొని గల్లీ చివరి కిరాణా దుకాణానికి నడిచింది. నేను మిషన్ వదిలేసి వెనకే పరుగెత్తాను.

దుకాణం సాయబు ముప్పై ఏళ్లుగా మా వాడకట్టుకు చాయ్ పొడి అమ్ముతున్న పెద్దమనిషి. అవ్వ డబ్బాను ఆయన ముందు ఠప్పున పెట్టింది. "ఏం సాయబూ, గింత మోసమా? కండ్లు కనవడనిదాన్ని అని గిట్ల జేస్తవా?"

"అరె, క్యా హువా అమ్మా? ఏమైంది?" అంటూ సాయబు మూత తీసి వాసన చూశాడు. వేళ్లతో నలిపి చూశాడు. ముప్పై ఏళ్ల అనుభవం, ఆయనకు క్షణంలో అర్థమైంది. ఆయన కళ్లు అవ్వ భుజం మీదుగా నా మీదికి వచ్చాయి. అవ్వ వెనక నేను రెండు చేతులూ జోడించి నిలబడ్డాను.

"గల్తీ అయింది అమ్మా. పాత సరుకు వచ్చింది. మాఫ్ జెయ్యి" అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది. పరువు దక్కించుకోవడానికి కొత్త పాకెట్ ఊరికే ఇచ్చి పంపాడు. దాన్ని మార్చడానికి నాకు ఆ రోజు తాతలు దిగివచ్చారు.

సాయంత్రం సాయబు నన్ను పిలిచాడు. సంగతంతా విని తల పట్టుకున్నాడు. "బేటీ, ఇన్నేండ్ల దుకాణం, ఇజ్జత్ తీసినవు. సరే, అవ్వ కోసం మోస్త. గాని కన్ను వచ్చినంక నువ్వే నిజం జెప్పాలె." ఒప్పుకున్నాను.

ఐదోసారి మళ్లీ జనగామలోనే. అవ్వను ఒప్పించడానికి, ఇదే ఆఖరిసారి అని మా ఆయన మీద ఒట్టు వేయాల్సి వచ్చింది. ఆ పొద్దున ధైర్యానికి చాయ్ అడిగితే "వచ్చినంక తాగుదువు తియ్" అని చెయ్యి పట్టుకొని ఆటో ఎక్కించాను. దవాఖానలో బీపీ చూశారు. పట్టీ విప్పుతూ, బాగానే ఉందని చెప్పి లోపలికి రమ్మన్నారు. అవ్వ లేచి నిలబడి నా వైపు చూసి "గిదేందే, గిట్ల ఒప్పుకున్నరు?" అంది. నేను బయట బెంచీ మీద కూర్చొని సంతోషంతో గట్టిగానే ఏడ్చాను. పక్కన కూర్చున్నవాళ్లు ఎవరో పోయారనుకొని ఓదార్చారు.

కొన్నాళ్లు పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు. నల్లద్దాలు పెట్టుకొని అవ్వ మంచం మీద నుంచి నా చాయ్‌ని తిడుతూ గడిపింది. ఆలోగా డబ్బా కడిగి, సాయబు దగ్గర మంచి పొడి తెచ్చి నింపాను. నిజం చెప్పే సంగతి మాత్రం రేపు రేపు అని జరుపుతూ వచ్చాను.

అద్దాలు తీసేసిన రోజు ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లింది. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? మూత తీసి పిడికెడు, ఇంకో పిడికెడు, మూడో పిడికెడు వేసి, అప్పుడు గిన్నెలోకి చూసింది.

"ఓ నాయినో! గిదేంది?"

నేను పరుగెత్తాను. అవ్వ గిన్నెలోకి చూస్తోంది. పొయ్యి వెనక గోడ మీది గోధుమరంగు మరకలు చూస్తోంది. మా ముగ్గురి స్టీలు గ్లాసులు తీసి లోపలికి చూసింది, అడుగులు నల్లబడి ఉన్నాయి.

"నేను గిట్లనే వెడుతుంటినా?"

"ఊఁ."

"ఎన్ని దినాలు?"

"ఏడాది."

"గిది తాగిండ్రా? అందరు?"

ఇక దాచలేదు. నర్సమ్మ చెప్పింది, మిద్దె మీద ఎండబెట్టింది, సాయబు చేయని తప్పును మోసింది, వరసపెట్టి చెప్పాను. అవ్వ పీట మీద కూర్చుంది.

"మంచిగ లేదంటే చాయ్ ఒక్కటే పోతుండె. అనకుంటే కన్ను పోతుండె. ఒక్కలకన్న నోరు రాకపాయెనా బిడ్డా?"

గోడకు మొహం తిప్పుకొని కూర్చుంటుందేమో అనుకున్నాను. కూర్చోలేదు. ఆ గిన్నె పారబోసి, కొత్తగా చాయ్ పెట్టి, కొంగు తల మీదికి కప్పుకొని, మొదటి గ్లాసు సాయబుకు ఇచ్చి వచ్చింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. వచ్చాక సూదిలో తనే దారం ఎక్కించి నా ముందు అటూ ఇటూ ఊపి చూపించింది.

తర్వాత నా చేతికి గ్లాసు ఇచ్చింది. "ఎట్లున్నది?"

ఏడాది పాటు నరకం తాగిన నాలుకకు అది పసుపు నీళ్లలా ఉంది. "మంచిగుందవ్వా" అన్నాను, అలవాటు కొద్దీ.

అవ్వ నా మొహంలోకి వంగి చూసింది. ఆమె నన్ను అంత సూటిగా చూసి ఎన్నాళ్లయిందో నాకు అప్పుడు తెలిసింది.

"నీ మొకం కనవడ్తున్నది బిడ్డా. నిజం జెప్పు."

"పల్చగుందవ్వా" అన్నాను.

అవ్వ నా గ్లాసు లాక్కొని గిన్నెలో పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. డబ్బా మూత తీసి చిటికెడు వేసి, గిన్నెలోకి చూసి, నా వైపు చూసింది. "సాలునా?"

"ఇంకో చిటికెడు" అన్నాను.

"వద్దు అత్తమ్మా, సాలు!" అని మందారం కుండీ దగ్గర నుంచి మా ఆయన కేక వేశాడు.